రబ్బరు తోటలో ఆకు రాలుతుంటే: ఏ తెగులుకు ఏ మందు, ఏ దారి?

రబ్బరు తోటలోకి అడుగుపెట్టగానే కింద పచ్చి ఆకు పరిచినట్టు కనిపిస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. వెంటనే నోట వచ్చే మాట "ఏ మందు కొట్టాలి?" అని. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టమని నా మనవి. రాలిన ఆకు ఒకటి చేతిలోకి తీసుకుని మూడు సంగతులు చూడండి. అది లేత ఆకా, ముదురు ఆకా? కాడతో సహా రాలిందా, కాడ కొమ్మకే ఉండిపోయి ఆకు మాత్రం రాలిందా? గత పది రోజులుగా పడింది వానా, మంచా? ఈ మూడూ తేలితే మందు పేరు కూడా చాలావరకు తేలిపోయినట్టే. తేల్చుకోకుండా దుకాణానికి పరుగెత్తితే గంధకం కొట్టాల్సిన చోట రాగి మందు, రాగి మందు కొట్టాల్సిన చోట ఆకులోకి ఇంకి పనిచేసే ఖరీదైన అంతర్వాహిక మందు కొట్టి డబ్బూ పోగొట్టుకుంటాం, ఆకూ పోగొట్టుకుంటాం.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. నాలుగైదేళ్లు దాటిన రబ్బరు చెట్టు ఏటా పొడి కాలంలో ఆకంతా తనే రాల్చుకుంటుంది. ఆకు పసుపుకో నారింజకో ఎరుపుకో తిరిగి, మచ్చ ఏదీ లేకుండా ఎండి రాలితే అది తెగులు కాదు, దానికి మందు అక్కర్లేదు. భయపడాల్సింది ఆ తర్వాత వచ్చే చిగురు గురించి. కొత్త చిగురు మొదట రాగి రంగులో, తడి గుడ్డ వేలాడినట్టు కిందికి వాలి ఉంటుంది. తర్వాత లేత ఆకుపచ్చకు మారుతుంది కానీ ఇంకా మెత్తగానే ఉంటుంది. చివరికి ముదురు పచ్చగా మారి, గట్టిపడి, అడ్డంగా చాచుకుని నిలబడుతుంది. ఇదంతా జరగడానికి ఒక నెల అటూ ఇటూ పడుతుంది. ఏడాది పొడవునా వచ్చే రబ్బరు పాల దిగుబడి చాలావరకు ఈ నెల మీదే ఆధారపడి ఉంటుంది.

చిగురు మీద పడేవి రెండు: బూడిద తెగులు, కొల్లెటోట్రైకమ్

ఈ రెండు శిలీంధ్ర తెగుళ్లనూ ఒకదానికొకటి పొరబడేవాళ్లే ఎక్కువ. రెండూ లేత ఆకునే పట్టుకుంటాయి, రెండూ చిగురును రాల్చేస్తాయి. తేడా అంతా నీటి దగ్గర ఉంది. బూడిద తెగులు శిలీంధ్రమైన ఓయిడియంకు చల్లటి రాత్రి, పొగమంచు, మబ్బు పట్టిన ఉదయం చాలు. గట్టి వాన పడితే దాని బీజాలు కొట్టుకుపోతాయి. కొల్లెటోట్రైకమ్‌కు మాత్రం వాన చినుకే కావాలి. చినుకు తుంపర్లతోనే దాని బీజాలు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు చేరతాయి, ఆకు తడిగా ఉంటేనే మొలకెత్తుతాయి. కాబట్టి చిగురు వేళ మంచు పడితే మొదటి అనుమానం బూడిద మీద, వాన పడితే రెండోదాని మీద.

ఆకు చూసినా తెలిసిపోతుంది. రబ్బరు ఆకు మారేడు దళంలా మూడు రెక్కలు కలిసి ఉంటుంది కదా. బూడిద తెగులు సోకితే ఆ రెక్కల మీద తెల్లటి పొడి చల్లినట్టు ఉంటుంది, వేలితో తుడిస్తే వేలికి అంటుకుంటుంది. అంచులు లోపలికి ముడుచుకుని రెక్కలు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. కాడలు మాత్రం కొన్నాళ్లు కొమ్మకే నిలిచి ఉంటాయి. తల ఎత్తి చూస్తే కొమ్మ చివర చీపురు పుల్లలు గుచ్చినట్టు కనిపిస్తుంది. పూతనూ ఇది వదలదు. కొల్లెటోట్రైకమ్ అయితే రెక్క కొస దగ్గర నీరు పట్టినట్టు మొదలై, గోధుమ రంగుకు, నలుపుకు తిరిగి ముడుచుకుపోతుంది. తెగులు తట్టుకుని ముదిరిన ఆకును కళ్లు మూసుకుని వేలితో తడిమినా గుర్తుపట్టవచ్చు. దాని మీది చిన్న చిన్న మచ్చలు పైకి పొడుచుకు వచ్చి గరుగ్గా తగులుతాయి.

బూడిద తెగులుకు నా ఓటు ఇప్పటికీ గంధకం పొడికే. ఈ తెగులును రబ్బరు మీద 1918లో జావాలో మొదట గుర్తించారు. ఇన్నేళ్లయినా గంధకాన్ని ఎదిరించి నిలబడే శక్తి ఆ శిలీంధ్రానికి రాలేదు. గంధకం దాని కణంలో ఒకే చోట కాకుండా చాలా చోట్ల దెబ్బతీయడమే అందుకు కారణం. తోటలో పదో వంతు చెట్లు చిగురు విప్పగానే మొదలుపెట్టి, హెక్టారుకు విడతకు 11 నుంచి 14 కిలోల చొప్పున, వారం పది రోజుల ఎడంతో మూడు నుంచి ఐదు విడతలు చల్లాలి. అన్నిటికన్నా ముఖ్యం వేళ. తెల్లవారుజామున, గాలి లేవకముందు, ఆకు మీద మంచు తడి ఉండగానే డస్టర్ (పొడి చిమ్మే యంత్రం) నడవాలి. అప్పుడు పొడి మేఘంలా పైకి లేచి, నెమ్మదిగా కిందికి దిగుతూ తడి ఆకుకు పట్టుకుంటుంది. తొమ్మిది గంటలకు చల్లిన పొడి పక్క తోటకు పోతుంది. గంధకం పొడికి తేలిగ్గా నిప్పు అంటుకుంటుంది, కాబట్టి చల్లే చోట బీడీ, సిగరెట్, నిప్పు ఏదీ ఉండకూడదు. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

నర్సరీలో, చిన్న మొక్కల్లో అయితే పొడి కన్నా నీటిలో కలిసే గంధకం నయం. మందు చెయ్యి అందే ఎత్తులోనే ఆకు ఉంటుంది, పైగా నీటి మందు సమంగా పడుతుంది. పెద్ద చెట్ల మీద నీటి పిచికారీ ఆ ఎత్తుకు చేరడమే కష్టం.

మరి కార్బెండజిమ్, హెక్సాకోనజోల్ లాంటి అంతర్వాహిక మందుల సంగతి? ఇవి ఆకులోకి ఇంకుతాయి, చిరుజల్లుకు కడిగినా పోవు, అప్పటికే లోపలికి దిగిన తెగులును కూడా కొంత ఆపుతాయి. ఆ బలం గంధకానికి లేదు. అయితే ఇవి శిలీంధ్రంలో ఒకే ఒక్క చోట పనిచేస్తాయి కాబట్టి వరసగా అదే మందు వాడితే తట్టుకునే రకాలు తయారవుతాయి. కార్బెండజిమ్ విషయంలో ఈ భయం మరీ ఎక్కువ, కొన్ని దేశాల్లో దాన్ని నిషేధించారు కూడా. అందుకే నేనైతే మొదటి విడత గంధకమే చల్లిస్తాను. తెగులు చెయ్యి దాటుతోందనిపిస్తే మధ్యలో ఒక్క విడత అంతర్వాహిక మందు కొట్టించి మళ్లీ గంధకానికే వస్తాను. ఏ మందుకైనా మీ దేశంలో రబ్బరుకు అనుమతి ఉందో లేదో లేబుల్ మీద చూసుకున్నాకే వాడండి.

కొల్లెటోట్రైకమ్ మీద గంధకం నమ్ముకుంటే నష్టపోతాం. దానికి మాంకోజెబ్ 0.2 శాతం, అంటే లీటరు నీటికి 2 గ్రాముల క్రియాశీల పదార్థం, లేదంటే రాగి మందులైన 1 శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపినది) లేదా కాపర్ ఆక్సీక్లోరైడ్ వాడాలి. చిగురు మీద బోర్డో కన్నా మాంకోజెబ్‌నే నేను ఇష్టపడతాను, మరీ లేత ఆకును రాగి మాడ్చే ప్రమాదం ఉంటుంది.

మందు కాని దారి కూడా ఒకటుంది. ఈ రెండు తెగుళ్లకూ పనికొస్తుంది. చెట్టు ఆకు రాల్చే సమయానికి నత్రజని ఎరువు కాస్త ముందుగా అందేలా చూస్తే చిగురు ఒకేసారి వచ్చి త్వరగా గట్టిపడుతుంది. తెగులుకు అనువైన కాలం వచ్చేసరికి ఆకు దాని చేతికి చిక్కని వయసుకు చేరుకుంటుంది. దీంతో తెగులు పూర్తిగా పోదు కానీ ఒకటి రెండు విడతల మందు మిగలవచ్చు.

ఇంకో మాట. రబ్బరు లేత ఆకులో మూడు రెక్కలు కాడతో కలిసే చోట తేనె గ్రంథులు ఉంటాయి. చిగురు వేళ తేనెటీగలు పూతకన్నా వాటికోసమే ఎక్కువగా వస్తాయి, పెంపకందార్లు పెట్టెలు తెచ్చి తోటలో పెడతారు. గంధకం పొడికీ పిచికారీకీ ముందు వాళ్లకు కబురు చేయడం మన బాధ్యత.

వానాకాలంలో పచ్చి ఆకు రాలితే: ఫైటోఫ్తోరా

ఎక్కువమంది తప్పు మందు ఎంచుకునేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ముసురు పట్టి ఎండ పొడ లేకుండా వారం పది రోజులు వాన కురిసిందనుకోండి. గరిష్ఠ ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటలేదు, గాలిలో తేమ 90 శాతం పైనే ఉంది. మొదట చెట్టు మీది పచ్చి కాయలు కుళ్లుతాయి. ఆ తర్వాత ఆకు రాలడం మొదలవుతుంది. పండిన ఆకు కాదు, పచ్చి ఆకే, కాడతో సహా. అలాంటి ఆకును తీసుకుని కాడను చూడండి. కాడ మధ్యలో నల్లటి మచ్చ, ఆ మచ్చ నడిమధ్యన గడ్డకట్టిన తెల్లటి పాల చుక్క. ఆకు పట్టుకుని రెండు సార్లు ఊపితే మూడు రెక్కలూ ఊడి పడతాయి. ఈ గుర్తు ఒక్కసారి చూస్తే జన్మలో మరిచిపోరు. భారతదేశంలో, ముఖ్యంగా కేరళలో, నైరుతి రుతుపవనాల కాలంలో రబ్బరును వేధించే ప్రధాన తెగులు ఇదే.

మాటవరసకు దీన్ని శిలీంధ్రమంటాం కానీ ఫైటోఫ్తోరా అసలైన శిలీంధ్రం కాదు, నీటి బూజుల జాతికి చెందినది. పుస్తకాల్లో వర్గీకరణ కోసం ఈ మాట చెప్పడం లేదు, మందు ఎంపిక మొత్తం దీని మీదే ఉంది. హెక్సాకోనజోల్ లాంటి మందులు శిలీంధ్రం కణపొరలో ఉండే ఎర్గోస్టెరాల్ తయారీని ఆపి చంపుతాయి. ఫైటోఫ్తోరా ఆ పదార్థాన్ని తయారు చేసుకోనే చేసుకోదు. ఇక ఆపడానికి అక్కడ ఏముంది? కార్బెండజిమ్‌దీ దీని మీద అదే పరిస్థితి, పనిచేయదు. బూడిద తెగులుకు బాగా పనిచేసిన మందు కదా అని వానాకాలంలో అదే కొట్టిస్తే చెట్టు మీద ఆకు మిగలదు. దీనికి పనిచేసేవి రాగి మందులు, మెటలాక్సిల్, ఫాస్ఫొనేట్లు. చివరి రెండిటినీ నర్సరీల్లో, పాల కోసం బెరడు మీద గీత పెట్టే చోట ఇదే జీవి తెచ్చే నల్లచార తెగులుకు వాడతారు. తోట మొత్తం ఆకును కాపాడడానికి మాత్రం రాగే ఆధారం.

రాగిలో రెండు దారులు. ఒకటి బోర్డో మిశ్రమం. 1885 ప్రాంతంలో ఫ్రాన్సులో పియెర్ మిలార్డే ద్రాక్ష తోటల కోసం వెలుగులోకి తెచ్చిన మందు ఇది. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీరు. రెండూ విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోస్తూ కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపాక శుభ్రమైన ఇనుప కత్తిని అందులో కాసేపు ముంచి తీయండి. కత్తి మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే ఇంకా సున్నం కలపాలి, లేకపోతే ఆకు మాడుతుంది. కలిపిన రోజే వాడేయాలి. మందు చవక, ఆకుకు గట్టిగా పట్టుకుంటుంది, వానను బాగా తట్టుకుంటుంది. కానీ ఆకు తడిసేలా కొట్టాలంటే హెక్టారుకు వేల లీటర్ల నీరు మోయాలి, పెద్ద చెట్లయితే మనిషి ఎక్కి కొట్టాలి.

రెండోది నూనెలో కలిపే కాపర్ ఆక్సీక్లోరైడ్. 56 శాతం పొడి 8 కిలోలు, వ్యవసాయ స్ప్రే నూనె 40 లీటర్లు కలిపి హెక్టారుకు సరిపెట్టడం బాగా తెలిసిన పద్ధతి. గాలి వేగంతో చిమ్మే మిస్ట్ బ్లోయర్లతో నేల మీది నుంచే కొట్టవచ్చు. పెద్ద పెద్ద తోటల మీద హెలికాప్టర్లతో కొట్టినదీ ఈ మందే. నీరు అక్కర్లేదు, పని త్వరగా అవుతుంది, నూనె వల్ల మందు ఆకును అంటిపెట్టుకుని ఉంటుంది. అయితే నూనె దీనికోసం తయారైనదే కావాలి. చేతికందిన డీజిలో పాత నూనో కలిపితే ఆకును మనమే కాల్చినవాళ్లమవుతాం.

రెండిట్లో ఏది? నీరు దగ్గర్లో ఉండి, చెట్లు చిన్నవై, ఎక్కి కొట్టే పనివాళ్లు దొరికే చిన్న తోటకు బోర్డో. ఏటవాలు నేల, నీటి కొరత, ఎత్తయిన చెట్లు, విస్తీర్ణం ఎక్కువ అయితే నూనె మందు. ఏది ఎంచుకున్నా వానలు మొదలుకాకముందే కొట్టాలి, ఇందులో రాజీ లేదు. రాగి ఆకు పైన కాపలా కాస్తుందే గానీ లోపలికి దిగిన తెగులును నయం చేయదు. ఆకు రాలడం చూశాక కొట్టే రాగి మందు మిగిలిన ఆకును కొంత కాపాడుతుందేమో, అంతే.

ఒక జాగ్రత్త చాలామంది మరిచిపోతుంటారు. రబ్బరుకు రాగి శత్రువు. పాలలో రాగి కలిస్తే రబ్బరు త్వరగా చెడి, జిగురు కట్టి, నాణ్యత పోతుంది. మందు కొట్టే ముందు కప్పుల్లోని పాలు, గడ్డలు తీసేసి, కప్పులు బోర్లించి పెట్టాలి.

ముదురు ఆకునూ వదలనివి

కోరినెస్పోరా అనే శిలీంధ్రం తెచ్చే తెగులు అన్నిటికన్నా మొండిది. లేత ఆకుకూ ముదిరిన ఆకుకూ తేడా చూపదు, సీజన్ అయిపోయాక కూడా పోదు. ఈనెల వెంబడి నల్లబడి చేప ముల్లులా, రైలు పట్టాల్లా కనిపించే మచ్చ దీని గుర్తు. గుండ్రటి మచ్చలు కూడా వస్తాయి, నడుమ ఎండి రంధ్రం పడుతుంది. ఆకంతా పాడవ్వాల్సిన పని లేదు. నడి ఈనె మీద ఒక్క మచ్చ చాలు, మిగతా ఆకు పచ్చగా ఉండగానే పసుపుకు తిరిగి రాలిపోతుంది. కారణం ఈ శిలీంధ్రం వదిలే కాసియికోలిన్ అనే విషం. కొన్ని క్లోన్లను (ఒకే తల్లి చెట్టు నుంచి అంటుకట్టి పెంచిన రకాలను) ఆ విషం ఘోరంగా దెబ్బతీస్తుంది, కొన్నిటిని అంతగా తాకదు. చెట్టు చిగురు వేయడం, అది రాలడం, మళ్లీ వేయడం ఇలా రెండు మూడు సార్లు జరిగితే కొమ్మలు కొస నుంచి ఎండుకొస్తాయి.

దీనికి నర్సరీలో మాంకోజెబ్, కార్బెండజిమ్, హెక్సాకోనజోల్ మారుస్తూ కొట్టాలి. ఒకే మందు పట్టుకు వేలాడకూడదు. పెద్ద తోటలో అయితే లేత ఆకుల దశలో ఒకటి రెండు విడతలు నూనెలో కలిసే మందు కొట్టించడం తప్ప మార్గం లేదు. నిజం చెప్పాలంటే ఇక్కడ మందు ఊరటే, అసలు మందు క్లోన్ ఎంపిక.

పెస్టలోటియాప్సిస్ పేరుతో పిలుస్తున్న గుండ్రటి మచ్చల ఆకురాలు తెగులు కొత్తగా వచ్చినది. 2016 నుంచి ఉత్తర సుమత్రాలో, ఆ వెంటనే మలేసియాలో, తర్వాత థాయ్‌లాండ్‌లో బయటపడింది. గట్టిపడిన ముదురు ఆకు మీద పెద్ద గుండ్రటి గోధుమ రంగు మచ్చలు, చుట్టూ ముదురు అంచు. ముదురు ఆకుకు ఇక ఏ భయమూ లేదన్న పాత ధైర్యాన్ని ఇది పోగొట్టింది. మచ్చల్లో కొల్లెటోట్రైకమ్ కూడా దొరుకుతోంది కాబట్టి కంటితో చూసి తేల్చకుండా ఆకును ల్యాబ్‌కు పంపడం మంచిది.

పక్షికన్ను తెగులు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెల్లటి నడిమి భాగం, గోధుమ అంచు ఉన్న చిన్న మచ్చలు, అదీ ఎండకు బట్టబయలుగా ఉండి ఎరువు అందని నర్సరీ మొక్కల్లోనే. కాస్త నీడ, సరైన ఎరువు, అవసరమైతే మాంకోజెబ్ చాలు.

కొట్టాలా, వదిలేయాలా?

ప్రతి తెగులుకూ పిచికారీ అవసరమని నేను అనను. నర్సరీలో, పాలు తీయడం మొదలుకాని తోటలో తప్పకుండా కొట్టాలి. అక్కడ ఆకు పోతే ఎదుగుదల పోతుంది, గీత పెట్టే రోజు వెనక్కి జరుగుతుంది. పాలిస్తున్న తోటలో లెక్క వేరు. క్లోన్ తట్టుకునేదై, మీ చోట పోయిన రెండు మూడేళ్లు ఆకు పెద్దగా రాలకపోయి ఉంటే, గీత తగ్గించి, పాలు ఎక్కువ రావడానికి పూసే ఎథిఫాన్ ఆపి చెట్టుకు విశ్రాంతి ఇవ్వడం సరిపోవచ్చు. కొన్నేళ్లలో నరికేయబోయే ముసలి తోటకు ఏటా నూనె మందు కొట్టించడం నాకు అర్థవంతంగా అనిపించదు. అదే తోట ఫైటోఫ్తోరాకు లొంగే ఆర్‌ఆర్‌ఐఎం 600 క్లోన్ అయి, ముసురు ప్రాంతంలో ఉంటే మాత్రం వానలకు ముందు రాగి మందు మానడం సాహసమే.

కొత్తగా నాటేవాళ్లకు అన్నిటికన్నా పెద్ద ఎంపిక క్లోన్. ఒకసారి నాటాక పాతికేళ్లు దానితోనే బతకాలి. ఆర్‌ఆర్‌ఐఐ 105 ఫైటోఫ్తోరాను కొంతవరకు తట్టుకుంటుంది, కోరినెస్పోరాకు మాత్రం లొంగుతుంది. జీటీ 1 చాలా చోట్ల కోరినెస్పోరాను తట్టుకుని నిలిచింది. అన్ని తెగుళ్లనూ ఎదిరించి, పాలు కూడా బాగా ఇచ్చే క్లోన్ అంటూ లేదు. కాబట్టి మీ చోట చిగురు వేళ మంచు ఎక్కువా, వాన ఎక్కువా, వానాకాలం ముసురు ఎన్నాళ్లు ఉంటుంది అన్నది చూసి ఎంచుకోవాలి. తోట మొత్తం ఒకే క్లోన్ వేయకండి. శ్రీలంకలో మంచి దిగుబడి చూసి విస్తరించిన ఆర్‌ఆర్‌ఐసీ 103 మీద 1980ల మధ్యలో కోరినెస్పోరా విరుచుకుపడింది. వేల హెక్టార్ల తోటలు పెరికేయాల్సి వచ్చింది. తోటలో మూడు నాలుగు క్లోన్లు వేరు వేరు బ్లాకులుగా ఉంటే ఒకటి పోయినా మిగతావి నిలబడతాయి.

అమెరికా ఖండంలో రబ్బరు వేయాలనుకునేవాళ్ల ముందున్న ఎంపిక ఇంకా కఠినం. అక్కడి ఆకు ఎండు తెగులు, సూడోసెర్కోస్పోరా ఉలై, రబ్బరు పుట్టినింట్లోనే పుట్టిన శత్రువు. హెన్రీ ఫోర్డ్ 1928లో అమెజాన్ ఒడిలో ఫోర్డ్‌లాండియా మొదలుపెట్టి, 1934లో బెల్టెర్రాకు మారి, దగ్గర దగ్గరగా రబ్బరు వేయించాడు. అడవిలో దూరదూరంగా ఉన్నప్పుడు బతికిన చెట్లు అక్కడ ఆకు నిలుపుకోలేకపోయాయి. పాలిచ్చే చెట్టు తలను తీసేసి తెగులును తట్టుకునే రకాన్ని అంటుకట్టడం దాకా ప్రయత్నించి, చివరికి 1945లో ఆ భూములను బ్రెజిల్ ప్రభుత్వానికి అమ్మేశారు. ఇప్పుడు బ్రెజిల్‌లో రబ్బరుకు సావో పాలో రాష్ట్రం ముందుంది. చెట్టు ఆకు రాల్చి చిగురు వేసే సమయానికి అక్కడ పొడి వాతావరణం ఉండడం వల్ల తెగులు అంతగా విజృంభించదు. అంటే వాళ్లు మందు మార్చలేదు, చోటు మార్చారు.

ఈ తెగులు ఇప్పటిదాకా ఆసియాకూ ఆఫ్రికాకూ చేరలేదు. ప్రపంచంలోని రబ్బరులో అత్యధిక భాగం ఆసియాలోనే పండుతోంది, అక్కడి క్లోన్లలో చాలావాటికి దీన్ని తట్టుకునే శక్తి లేదు. అందుకే అమెరికా ఖండం నుంచి రబ్బరు మొక్క, విత్తనం, అంటు కొమ్మ ఏదీ క్వారంటైన్ దాటకుండా తీసుకురాకూడదు. అక్కడి తోటలు చూసి వచ్చినవాళ్లు ఆ బట్టలు, బూట్లు శుభ్రంగా ఉతికి కడిగేదాకా సొంత తోటలో కాలు పెట్టకూడదు.